బానిసగా బతికి, గవర్నరై, సంకెళ్లతో వెనుదిరిగిన కబేసా దె వాకా

పదహారో శతాబ్దంలో స్పెయిన్ తరఫున అమెరికా ఖండాలను ఏలిన గవర్నర్లలో చాలామంది సైనికులే. కత్తి పట్టి భూమి గెలవడం, ఆ భూమికి గవర్నర్‌గా రాజు చేత పత్రం రాయించుకోవడం, ఆ పదవితో పెట్టిన ఖర్చంతా రాబట్టుకోవడం అప్పటి మామూలు దారి. మెక్సికోలో కోర్తెస్, పెరూలో పిసార్రో, గ్వాటెమాలాలో ఆల్వరాదో నడిచింది ఆ దారినే. అల్వార్ నూన్యెస్ కబేసా దె వాకా కూడా అలాగే బయల్దేరాడు. కానీ మధ్యలో ఎనిమిదేళ్లు అతని బతుకు అడ్డం తిరిగింది. ఒంటి మీద బట్ట లేకుండా, కాళ్లకు చెప్పుల్లేకుండా, ఉత్తర అమెరికా తీరంలోని తెగల మధ్య కొంతకాలం బానిసగా, కొంతకాలం ఊరూరా తిరిగే వ్యాపారిగా, ఆపైన వైద్యుడిగా బతికాడు. గవర్నర్ అయింది ఆ తర్వాతే. పదవిలో రెండేళ్లు గడిచేసరికి అతని కింద పనిచేసే స్పెయిన్ వాళ్లే అతనికి సంకెళ్లు వేశారు.

ఈ కథను రెండు రకాలుగా చెప్పుకుంటూ వచ్చారు. దయగల గవర్నర్‌ను దురాశాపరులు కూల్చేశారన్నది ఒకటి. పాలించడం చేతకాని అహంకారిని జనం భరించలేకపోయారన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ రెండూ వ్యక్తి స్వభావం దగ్గరే ఆగిపోతాయి. పరాగ్వే నది ఒడ్డున అసున్సియోన్ అనే ఆ చిన్న ఊళ్లో స్పెయిన్ వాళ్లకు తిండి ఎవరు పండించి పెడుతున్నారు, ఎందుకు పెడుతున్నారు అన్న ప్రశ్న వేస్తేనే అతని పతనం అర్థమవుతుంది. అంతకంటే మంచివాడు వచ్చినా, అంతకంటే తెలివైనవాడు వచ్చినా, ఆ ఏర్పాటును ముట్టుకుంటే జరిగేది అదే.

అల్వార్ 1490 ప్రాంతంలో దక్షిణ స్పెయిన్‌లోని హెరెస్‌లో పుట్టాడు. తాత పెద్రో దె వేరా గ్రాన్ కనారియా ద్వీపాన్ని జయించి, అక్కడ గవర్నర్‌గా పనిచేసి, పక్కనున్న గొమేరా ద్వీపవాసులు తిరగబడితే వాళ్లను బానిసలుగా అమ్మించిన మనిషి. అంటే వలస పాలన ఈ కుటుంబానికి కొత్త కాదు. మనవడు కుర్రతనంలోనే సైన్యంలో చేరి, 1512లో ఇటలీలోని రవెన్నా యుద్ధంలో పాల్గొన్నాడు. 1520, 21లలో స్పెయిన్ నడిబొడ్డున ఉన్న కాస్తీల్ రాజ్యపు పట్టణాలు రాజు మీద తిరగబడినప్పుడు రాజు పక్షాన పోరాడాడు. ఆ తిరుగుబాటుదారుల నినాదం స్వేచ్ఛ. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక అదే నినాదం అతని పడకగది గుమ్మం దగ్గర వినబడింది.

రాజుకు చేసిన సేవకు ప్రతిఫలంగా 1527లో పాన్‌ఫిలో దె నార్వాయెస్ నడిపే ఫ్లోరిడా దండయాత్రకు రాజు తరఫు ఖజానాదారుగా నియమితుడయ్యాడు. దొరికిన సంపదలో రాజుకు చెందాల్సిన ఐదో వంతును లెక్కగట్టి పక్కన పెట్టించడం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన పని. ఆ ఐదో వంతు అనే మాట ముందు ముందు మళ్లీ వస్తుంది.

అయిదు ఓడల్లో దాదాపు ఆరు వందల మంది బయల్దేరారు. కరీబియన్ దీవుల్లోని శాంతో దొమింగోలో నూట నలభై మందికి పైగా జారుకున్నారు. క్యూబాలో తుపాను రెండు ఓడలను, అరవై మందిని మింగేసింది. 1528 ఏప్రిల్‌లో ఫ్లోరిడా పశ్చిమ తీరంలో దిగాక, ఓడలను వదిలి మూడు వందల మందితో లోపలికి నడుద్దామని నార్వాయెస్ నిర్ణయించాడు. ఓడలు మళ్లీ ఎక్కడ కలుస్తాయో తెలియకుండా నేల మీద నడవడం తగదని ఖజానాదారు వాదించాడు. మాట చెల్లలేదు. ఓడలు మళ్లీ కనబడలేదు.

ఉత్తరాన అపలాచీ ప్రాంతంలో బంగారం ఉందని విని వెళ్తే అక్కడ ఉన్నవి మొక్కజొన్న చేలు, గురి తప్పని విలుకాళ్లు. ఆకలి, జ్వరాలు, బాణాల మధ్య తీరానికి చేరి, అక్కడే పడవలు కట్టడం మొదలుపెట్టారు. పడవల పని తెలిసినవాడు లేడు, పనిముట్లు లేవు. జింక తోలుతో కొలిమి తిత్తి కుట్టారు. గుర్రపు జీన్ల రికాబులు, బూట్ల ముళ్లు, విల్లంబుల ఇనుము కరిగించి మేకులు, రంపాలు, గొడ్డళ్లు చేశారు. ఒంటి మీది చొక్కాలు విప్పి తెరచాపలు కుట్టారు. గుర్రాల తోకల వెంట్రుకలు, మట్టల నార కలిపి తాళ్లు పేనారు. మూడు రోజులకొక గుర్రాన్ని కోసుకుని తిన్నారు. ఆ గుర్రాల కాళ్ల తోలును చీల్చకుండా ఒలిచి, పదును చేసి, నీళ్ల తిత్తులుగా వాడుకున్నారు. సెప్టెంబరు చివర్లో ఇరవై రెండు మూరల పొడవున్న అయిదు పడవల్లో 242 మంది ఎక్కారు. అంచులు నీటి మీద జానెడు కూడా లేవు. గుర్రాలెక్కి ఖండాన్ని జయిద్దామని వచ్చినవాళ్లకు ఆ గుర్రాల తోలు తిత్తుల్లోని నీళ్లే దిక్కయ్యాయి. ఆ తిత్తులూ కొన్నాళ్లకు కుళ్లిపోయాయి.

మిసిసిపి నది ముఖద్వారం దాటాక పడవలు చెల్లాచెదురయ్యాయి. 1528 నవంబరులో కబేసా దె వాకా పడవ నేటి టెక్సాస్ తీరంలో ఒక ద్వీపానికి కొట్టుకొచ్చింది. అక్కడికి చేరిన సుమారు ఎనభై మందిలో ఆ చలికాలం దాటేసరికి మిగిలినవాళ్లు పదిహేను మంది. ఆకలికి తాళలేక కొందరు స్పెయిన్ వాళ్లు చనిపోయిన తోటివాళ్లను తిన్నారు. అది చూసి ద్వీపవాసులు నివ్వెరపోయారని, ముందే తెలిసి ఉంటే ఆ పని చేసినవాళ్లను చంపేసేవారని అతనే రాశాడు. నరమాంస భక్షకులన్న నింద మోపి స్థానికులను బానిసలుగా పట్టుకోవడం స్పెయిన్ చట్టంలో చెల్లుబాటయ్యే రోజుల్లో, రాజుకు సమర్పించే నివేదికలో ఈ మాట రాయడం చిన్న విషయం కాదు.

ఆ ద్వీపంలో నీళ్లలో దిగి దుంపలు తవ్వే పనికి పెట్టారు. చేతివేళ్లకు గడ్డి పోచ తగిలినా నెత్తురు కారేదట. అక్కడి నుంచి తప్పించుకుని వ్యాపారిగా మారాడు. తీరంలో దొరికే గవ్వలు, శంఖాల ముక్కలు లోపలి ఊళ్లకు మోసుకెళ్లి, తోళ్లు, ఎర్రమట్టి, బాణపు మొనలకు చెకుముకి రాయి వెనక్కి తెచ్చేవాడు. ఒకదానితో ఒకటి పోరాడే తెగల మధ్య ఎవరికీ చెందని మనిషి అవసరం ఉంది, ఆ చోటు అతనికి దొరికింది. ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడికి పోయినా తిండి పెడతారు, ఎవరికీ బానిస కాదు. ఆ కాలం గురించి అతను రాసిన తీరులో ఒక తృప్తి కనిపిస్తుంది.

కొన్నేళ్లకు పాత సహచరులు ముగ్గురు కలిశారు. ఆంద్రెస్ దొరాంతెస్, అలోన్సో దెల్ కాస్తీయో, దొరాంతెస్‌కు బానిసగా వచ్చిన మొరాకో వాసి ఎస్తెవానికో. నాగజెముడు పండ్లు పండే కాలంలో చుట్టుపక్కల తెగలన్నీ ఒకచోట చేరతాయి. 1534లో ఆ అదను చూసుకుని నలుగురూ పారిపోయారు. వాళ్లను ఖండం దాటించింది వైద్యం. మొదట ద్వీపవాసులే తమ రోగుల మీద ఊది నయం చేయమని అడిగారు. స్పెయిన్ వాళ్లు నవ్వి ఊరుకుంటే, చేసేదాకా తిండి పెట్టబోమన్నారు. అలా మొదలైంది. సిలువ గుర్తు వేయడం, జపం చేయడం, ఊదడం. ఒకసారి మాత్రం అతను అచ్చంగా శస్త్రచికిత్సే చేశాడు. ఒకతని ఛాతీలో ఎప్పటి నుంచో దిగబడి ఉన్న బాణం మొనను కత్తితో కోసి తీసి, జింక ఎముక సూదితో రెండు కుట్లు వేశాడు. ఆ మొనను చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పంపి చూపించుకున్నారు. ఆ తర్వాత వందల మంది వెంట నడవసాగారు.

ఈ ఊరేగింపును పవిత్ర యాత్రగా చిత్రించేవాళ్లు ఒక సంగతి దాటవేస్తారు. వెంట వచ్చే ఊరివాళ్లు కొత్త ఊరు రాగానే అక్కడి ఇళ్లలో ఉన్నదంతా ఊడ్చుకుపోయేవారు. దోపిడీకి గురైనవాళ్లు తర్వాతి ఊరిని దోచుకుని నష్టం పూడ్చుకునేవారు. ఇది కూడా అతని నివేదికలోనే ఉంది.

1536లో పసిఫిక్ తీరం వైపు చేరేసరికి ఊళ్లు బోసిపోయి కనిపించాయి. చేలు బీడుపడ్డాయి. జనం కొండల్లో దాక్కుని చెట్ల బెరడు, వేర్లు తిని బతుకుతున్నారు. ఒక స్థానికుడి మెడలో బెల్టు కట్టు, గుర్రపు నాడా మేకు వేలాడుతూ కనిపించాయి. అంటే స్పెయిన్ వాళ్లు దగ్గరలోనే ఉన్నారు. వాళ్లు దియేగో దె అల్కారాస్ అనే నాయకుడి కింద మనుషులను వేటాడి అమ్ముకునే ముఠా. ఎనిమిదేళ్ల తర్వాత సొంత దేశస్థులు కనబడితే, వాళ్లు అడిగిన మొదటి విషయాల్లో ఒకటి అతని వెంట వచ్చిన ఆరు వందల మందిని బానిసలుగా పట్టుకోవడం. పెద్ద గొడవైంది. ఈ నలుగురూ మనవాళ్లే, కాకపోతే అదృష్టహీనులు, అసలు యజమానులం మేమేనని అల్కారాస్ స్థానికులకు చెప్పించాడు. వాళ్లు నమ్మలేదు. మీరు సూర్యుడు అస్తమించే వైపు నుంచి వచ్చారు, వీళ్లు ఉదయించే వైపు నుంచి వచ్చారు, మీరు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను చంపుతారు, వీళ్లు రోగులను బాగుచేస్తారు, వీళ్లు దిగంబరంగా ఉత్తకాళ్లతో వచ్చారు, మీరు బట్టలు కట్టి గుర్రాలెక్కి బల్లేలతో వచ్చారు, ఇద్దరూ ఒకటెలా అవుతారన్నారు.

ఇది అతనే రాసుకున్న సంభాషణ కాబట్టి ఎంత ఉన్నదున్నట్టు ఉందో అనుమానించవచ్చు. కానీ అక్కడ అతను తేల్చిన మాటలో అతని రాజకీయమంతా ఉంది. ఈ జనాన్ని క్రైస్తవులుగా, చక్రవర్తి ప్రజలుగా మార్చాలంటే మంచిగా చూసుకోవడమే నిశ్చయమైన దారి, మరో దారి లేదన్నాడు. చక్రవర్తి ఏలుబడి ఉండాలా వద్దా అన్న ప్రశ్నే అతని బుర్రలో లేదు. దాన్ని ఎలా తేవాలన్నదే ప్రశ్న. అతన్ని వలస వ్యతిరేకిగా చూపించేవాళ్లు ఈ వాక్యంలో సగమే చదువుతున్నారు. అతని సహచరుల్లో ఒకడి సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఎస్తెవానికో ఆ ఎనిమిదేళ్లూ అందరితో సమానంగా బాధపడ్డాడు, దారిలో తెగలతో మాట్లాడే పని ఎక్కువగా అతనే చేశాడు. మెక్సికో చేరాక మాత్రం మళ్లీ బానిసే. 1539లో ఉత్తరాదికి దారి చూపమని పంపితే ఆ ప్రయాణంలోనే చనిపోయాడు.

కబేసా దె వాకా 1537లో స్పెయిన్ చేరి ఫ్లోరిడా గవర్నర్ పదవి అడిగాడు. అప్పటికే అది ఎర్నాందో దె సోతోకు దక్కింది. చివరికి 1540 మార్చి 18న దక్షిణ అమెరికాలోని రియో దె లా ప్లాతా ప్రాంతానికి గవర్నర్‌గా ఒప్పందం కుదిరింది. ఒప్పందం అనే అనాలి, ఎందుకంటే రాజు ఖజానా నుంచి డబ్బు రాదు. ఎనిమిది వేల దూకాత్‌ల (బంగారు నాణేల) సొంత ఖర్చుతో ఓడలు, మనుషులు, గుర్రాలు సమకూర్చుకోవాలి. లాభం వస్తే అందులో రాజుకు వాటా. స్థానికులను హింసించకుండా పాలించమని ఆదేశించే రాజే, అప్పుచేసి వచ్చిన గవర్నర్‌ను, జీతం లేని సైనికులను అక్కడికి పంపుతున్నాడు. వాళ్లందరికీ ఖర్చు రాబట్టుకునే మార్గం స్థానికుల శ్రమ తప్ప మరొకటి లేదు. ఆదేశానికీ ఏర్పాటుకూ మధ్య ఉన్న ఈ ఎడమే తర్వాతి కథను నడిపింది.

1541 మార్చిలో బ్రెజిల్ తీరంలోని శాంతా కతరీనా ద్వీపం చేరాడు. సముద్రం మీదుగా చుట్టూ తిరిగి నదిలోకి వెళ్లడం మాని, 250 మందితో, 26 గుర్రాలతో అడవుల గుండా నేల దారిన అసున్సియోన్‌కు నడిచాడు. ఫ్లోరిడాలో నార్వాయెస్ చేసిన తప్పులన్నీ ఈ నడకలో తిరగరాసినట్టు ఉంటాయి. దారిలో ఆ ప్రాంతపు స్థానికులైన గ్వారనీల ఊళ్ల నుంచి తీసుకున్న ప్రతి గింజకూ కత్తులు, గాలాలు, చొక్కాలు ఇచ్చి వెల కట్టాడు. సైనికులు ఇష్టమొచ్చినట్టు ఊళ్లోకి జొరబడకుండా విడిదిని ఊరి బయటే పెట్టాడు. గుర్రాలను ఎన్నడూ చూడని జనం వాటికి కోపం రాకుండా చూడమని బతిమాలుతూ తేనె, కోళ్లు తెచ్చి పెట్టేవారు. ఇగ్వాసు జలపాతం దగ్గరికి వచ్చిన మొదటి యూరోపియన్లు వీళ్లే. నురగ రెండు బల్లేల ఎత్తుకు లేస్తోందని, పడవలను నేల మీద మోసుకుపోవాల్సి వచ్చిందని మాత్రం రాయించి ముందుకు సాగారు. సుమారు నాలుగు నెలల నడకలో పరానా నదిలో పడవ బోల్తాపడి ఒకడు పోయాడు. అంత దూరానికి ఆ ఒక్క ప్రాణనష్టం ఆశ్చర్యపరిచే విషయం. అదే నడకలో ఆ నేలనంతా రాజు పేరిట స్వాధీనం చేసుకుంటున్నట్టు ప్రకటించి, తాతగారి ఇంటిపేరు మీద వేరా ప్రాంతమని పేరు పెట్టాడు. గింజకు వెల కట్టినవాడు నేలకు కట్టలేదు.

1542 మార్చి 11న అసున్సియోన్ చేరాడు. 1537లో వెలసిన ఆ ఊరు సముద్రానికి ఎంతో దూరం. బ్వేనోస్ ఐరెస్‌ను ఖాళీ చేసి అందరూ అక్కడికే చేరారు. బంగారం లేదు, వెండి లేదు, స్పెయిన్ నుంచి ఓడలు రావు. అయినా కొన్ని వందల మంది స్పెయిన్ వాళ్లు హాయిగా బతుకుతున్నారు. కారణం గ్వారనీల బంధుత్వం. కూతురినో చెల్లెలినో ఇచ్చి వచ్చినవాడిని బావగా చేసుకుంటే, ఇరు కుటుంబాలూ పొలంలో, పోరాటంలో ఒకరికొకరు సాయపడాలన్నది గ్వారనీల పద్ధతి. నది అవతల చాకో మైదానాల్లో ఉండే తమ శత్రువులు గ్వైకురు తెగవాళ్లను ఎదిరించడానికి తుపాకులున్న అల్లుళ్లు పనికొస్తారని వాళ్లూ లెక్క వేసుకున్నారు. స్పెయిన్ వాళ్లు ఆ బంధుత్వంలో తీసుకునే సగం మాత్రమే పాటించారు. ఒక్కొక్కరి ఇంట్లో ఎందరో గ్వారనీ స్త్రీలు. మొక్కజొన్న, కర్రపెండలం పండించేది వాళ్లు, పత్తి వడికేది వాళ్లు, నీళ్లు మోసేది వాళ్లు. వాళ్లను జూదంలో ఒడ్డడం, గుర్రానికో బట్టకో మార్చుకోవడం కూడా సాగింది. ప్రతి స్త్రీ వెనుక ఒక కుటుంబం ఉంది కాబట్టి బావమరుదుల చాకిరీ కూడా ఉచితం.  

ఈ ఏర్పాటుకు పెద్ద దొమింగో మార్తీనెస్ దె ఇరాలా. స్థానికంగా గవర్నర్‌ను ఎన్నుకోవచ్చన్న 1537 నాటి రాజాజ్ఞ ఆధారంగా వలసదారులు ఎన్నుకున్న నాయకుడు. తుపాకీ పట్టడం, గ్వారనీలతో మాట్లాడటం, ఎవరిని ఎప్పుడు చూసీచూడనట్టు వదిలేయాలో తెలియడం అతని బలాలు. కొత్త గవర్నర్ అతన్ని దూరం పెట్టకుండా ముఖ్య సేనానిగా పెట్టుకున్నాడు.

ఆపైన కబేసా దె వాకా వేటు వరసగా మూడు చోట్ల పడింది. స్త్రీలను వాళ్ల ఇళ్ల నుంచి లాక్కురావడం, అమ్మడం, మార్చుకోవడం, రక్తసంబంధమున్న స్త్రీలను ఒకే ఇంట్లో ఉంచుకోవడం నిషేధించాడు. గ్వారనీ స్త్రీలను ఇంట్లో పెట్టుకున్న ఇద్దరు సన్యాసులను కూడా వదల్లేదు. రెండోది, స్థానికులతో సరుకు మారకం గవర్నర్ అనుమతి లేకుండా జరగకూడదన్నాడు. మూడోది, రాజోద్యోగులు వసూలు చేస్తున్న ఐదో వంతును ఆపేశాడు. ఖజానాదారుగా పనిచేసినవాడికి ఐదో వంతు అంటే బంగారం, వెండి, ముత్యాల మీద రాజుకు రావాల్సినది. ఇక్కడి ఉద్యోగులు తేనె, కొవ్వు, మొక్కజొన్న, చేపలు, తోళ్ల మీద కూడా వేసి పేద సైనికుల గిన్నెలో చెయ్యి పెడుతున్నారు. రాజు తేల్చేదాకా ఆ నష్టాన్ని తన జీతం నుంచి పూడుస్తానన్నాడు.

చూడటానికి ఇవి మూడూ న్యాయమైనవే. కానీ ఏ వర్గమూ అతని పక్కన నిలబడకుండా చేసినవి కూడా ఇవే. పన్ను ఎత్తేస్తే సంతోషించాల్సిన పేద సైనికుడు, ఇంట్లో చాకిరీ చేసే స్త్రీలు పోతారని భయపడ్డాడు. ఉద్యోగులకు రాబడి పోయింది. ఇక గవర్నర్ వెనుక నిలబడాల్సింది గ్వారనీలే. వాళ్లనైనా తనవైపు నిలుపుకున్నాడా అంటే, పూర్తిగా లేదు. వాళ్ల కోరిక మీద గ్వైకురులతో యుద్ధం చేశాడు. ముందుగా మతాధికారుల దగ్గర ఇది న్యాయమైన యుద్ధమేనని అభిప్రాయం రాయించుకున్నాడు, గెలిచాక ఖైదీలను విడిపించి సంధి చేసుకున్నాడు. అక్కడి వరకు బాగానే ఉంది. కానీ స్పెయిన్ వాళ్లకు దారి చూపడానికి నిరాకరించి, జనాన్ని రెచ్చగొట్టాడన్న నేరం మీద అరాకారే అనే గ్వారనీ పెద్దను విచారించి ఉరి తీయించాడు. ఆ ఉరి కొత్త తిరుగుబాటు రేపింది. చేతులు కాలకుండా వలస పాలన నడపడం సాధ్యమని నమ్మినవాడి చేతి మీదుగానే ఈ ఉరి జరిగింది.

1543 ఫిబ్రవరిలో మంటలు అంటుకుని ఊళ్లో రెండు వందల ఇళ్లు కాలిపోయాయి, యాభై మిగిలాయి. గడ్డి ఇళ్ల బదులు మట్టిగోడలతో మళ్లీ కట్టించాడు. ఆ సెప్టెంబరులో నాలుగు వందల మంది స్పెయిన్ వాళ్లు, పన్నెండు వందల మంది గ్వారనీలతో నది ఎగువకు బంగారం, వెండి వెతకడానికి బయల్దేరాడు. అది అతనికి తప్పనిసరి. అప్పు తీరాలన్నా, సైనికులు ఆడవాళ్ల చాకిరీ మీద కాక మరోదాని మీద బతకాలన్నా లోహం దొరకాలి. దొరకలేదు. వరద నీళ్లు, దోమలు, జ్వరాలు పట్టుకున్నాయి. గవర్నర్‌తో సహా దాదాపు అందరూ మంచం పట్టారు. తిరుగుముఖం పట్టేటప్పుడు, అక్కడి తల్లిదండ్రులు అధికారులకు, సైనికులకు అప్పగించిన సుమారు వంద మంది అమ్మాయిలను వాళ్ల ఇళ్లకు పంపేయాలని ఆజ్ఞ వేశాడు. ఉత్తచేతులతో, జ్వరంతో తిరిగి వెళ్తున్న సైనికులకు ఆ ఆజ్ఞ ఎలా తగిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

1544 ఏప్రిల్ 8న అసున్సియోన్ చేరారు. 25 రాత్రి రాజోద్యోగులు ఆయుధాలతో జ్వరంతో పడుకున్న గవర్నర్ గదిలోకి చొరబడి, స్వేచ్ఛ, స్వేచ్ఛ అని అరుస్తూ బంధించారు. ఇరాలా ఆ సమయంలో ఎదురుగా కనబడలేదు. మర్నాడు మళ్లీ గవర్నర్‌గా ఎన్నికైంది మాత్రం అతనే. గవర్నర్ తననే రాజుగా ప్రకటించుకున్నాడని, ఓడల మీద రాజచిహ్నం బదులు సొంత చిహ్నం ఎగరేశాడని, స్థానికులను హింసించాడని ఆరోపణలు రాశారు. స్త్రీల మీద ఆంక్షలు పెట్టాడన్నది మాత్రం ఎక్కడా నేరంగా రాయలేదు. రాజు పెట్టమన్న ఆంక్షలే కాబట్టి రాయలేరు.

దాదాపు పదకొండు నెలలు చీకటి గదిలో కాళ్లకు సంకెళ్లతో ఉన్నాడు. బయటి స్నేహితులతో అతనికి ఉత్తరాలు నడిపింది రాత్రిపూట భోజనం తెచ్చే ఒక గ్వారనీ స్త్రీ. కావలివాళ్లు ఆమెను వివస్త్రను చేసి, నోరు, చెవులు, జుట్టు వెతికేవారు. దాచుకోవడానికి వీల్లేకుండా జుట్టు కత్తిరించారు. ఆమె పలుచని కాగితాన్ని సన్నగా చుట్టి, నల్ల మైనం పూసి, కాలివేళ్ల కింద నల్ల నూలుపోగులతో కట్టుకుని వచ్చేది. సిరా కోసం ఒక రకం మన్ను పొడిని కూడా అలాగే తెచ్చేది. అనుమానం వచ్చిన అధికారులు నలుగురు కుర్రాళ్లను ఆమె వెంట పడేలా చేసి రహస్యం రాబట్టాలని చూశారు. ఆమె వాళ్లకు ఒక్క ముక్క చెప్పలేదు. ఇదంతా రాసింది గవర్నర్ కార్యదర్శి పెరో ఎర్నాందెస్. ఆమె పేరు రాయలేదు. చాకిరీకి తప్ప లెక్కలోకి రాని స్త్రీలలో ఒకరు రాజప్రతినిధి ప్రాణాన్ని నెలల తరబడి కాలివేళ్ల కింద మోసుకొచ్చారు.

1545 మార్చిలో అతన్ని స్పెయిన్‌కు ఓడెక్కించారు. ఉద్యోగులు తమ ఆరోపణ పత్రాలు పట్టుకెళ్తుంటే, అతని మనుషులు అతని సాక్ష్యాలను తొలిచిన దూలంలో దాచి, పైన మేకులు కొట్టి, అదే ఓడలో పంపారు. కేసు ఏళ్ల తరబడి సాగింది. 1551 మార్చిలో, అమెరికా వ్యవహారాలు చూసే ఇండీస్ మండలి తీర్పు చెప్పింది. పదవులన్నీ రద్దు, అమెరికాలో శాశ్వతంగా అడుగు పెట్టరాదు, ఐదేళ్లు సొంత ఖర్చుతో ఉత్తర ఆఫ్రికాలోని ఒరాన్‌లో సైనిక సేవ. అప్పీలు చేసుకుంటే 1552లో ఒరాన్ శిక్ష తీసేసి, నిషేధాన్ని రియో దె లా ప్లాతాకు పరిమితం చేశారు. పదవి మాత్రం తిరిగి రాలేదు.

అదే కాలంలో పెరూలో జరిగినదాన్ని దీనితో పోల్చి చూస్తే ఇది ఒక మనిషి దురదృష్టం కాదని తెలుస్తుంది. స్థానికుల బానిసత్వాన్ని, వాళ్లను వలసదారులకు పంచిపెట్టే ఎన్‌కోమియెండా పద్ధతిని కట్టడి చేస్తూ 1542 నవంబరులో రాజు కొత్త చట్టాలు తెచ్చాడు. వాటిని అమలు చేయడానికి వెళ్లిన వైస్రాయ్ బ్లాస్కో నూన్యెస్ వేలాను 1544లోనే లిమాలో బంధించారు. అతను తప్పించుకుని సైన్యం కూడగట్టుకుంటే 1546 జనవరిలో, పెరూను గెలిచిన పిసార్రోకు తమ్ముడూ అక్కడి తిరుగుబాటుకు నాయకుడూ అయిన గొన్సాలో పిసార్రో మనుషులు చంపేశారు. వేలా ముక్కుసూటి కోపిష్టి, కబేసా దె వాకా నచ్చజెప్పే రకం. ఇద్దరి స్వభావాలూ వేరు, ఇద్దరికీ పట్టిన గతి దాదాపు ఒకటే. మెక్సికోలో మాత్రం పరిస్థితి చూసి కొత్త చట్టాల అమలునే వాయిదా వేశారు. అక్కడ ఎవరినీ బంధించలేదు.

ఇక సాక్ష్యాల సంగతి. అసున్సియోన్ పాలన గురించి మనకున్న వివరాల్లో ఎక్కువ భాగం అతని పక్షం వాళ్లు, అతని కేసు కోసం, అతని పరువు కోసం రాసినవి. 1555లో వల్యదోలిద్‌లో అచ్చయిన గ్రంథంలో ఫ్లోరిడా కథ, పరాగ్వే కథ కలిపి వేయించింది అందుకే. ఎదుటి గొంతు ఒకటి బతికి ఉంది. జర్మనీలోని బవేరియా నుంచి వచ్చిన సామాన్య సైనికుడు ఉల్రిక్ ష్మీడెల్ ఈ గవర్నర్ సైనికులకు నచ్చలేదని, తమను పట్టించుకోలేదని ఏ మొహమాటం లేకుండా రాశాడు. గవర్నర్ ఆజ్ఞ మీద ఎగువ నదీ తీరంలో ఒక తెగపై జరిగిన దాడిలో ఎందరినో పట్టుకున్నామని కూడా రాశాడు. ష్మీడెల్‌కు కేసు లేదు, పదవి ఆశ లేదు. అతని మాటను కొట్టిపారేయలేం. కబేసా దె వాకా చట్టాలు కాగితం మీద ఉన్నంత శుభ్రంగా నేల మీద లేవని నమ్మడానికి ఇది చాలు. అయితే ష్మీడెల్ కోపంలో చాలా భాగం ఇంటి చాకిరీ, దోపిడీ సరుకు పోయినందుకే అన్నదీ అతని రాతలోనే తెలుస్తుంది. రెండు పక్షాలూ ఒప్పుకుంటున్న విషయం ఒకటుంది. గొడవ మొదలైంది గ్వారనీల శ్రమ దగ్గర.

గవర్నర్‌ను పంపేశాక గ్వారనీలు తిరగబడ్డారు. ఇరాలా అణచివేశాడు. రాజు చివరికి ఇరాలానే గవర్నర్‌గా ఖాయం చేశాడు. 1556లో అతను సుమారు ఇరవై వేల మంది గ్వారనీలను మూడు వందల మందికి పైగా వలసదారులకు ఎన్‌కోమియెండాగా పంచిపెట్టాడు. అప్పటిదాకా బావమరిది పేరుతో నడిచిన చాకిరీకి అలా చట్టం ముద్ర పడింది. అదే ఏడు రాసిన వీలునామాలో అనేకమంది గ్వారనీ స్త్రీల వల్ల పుట్టిన పిల్లలను పేరుపేరునా తనవాళ్లుగా ఒప్పుకుని ఆస్తిలో వాటా ఇచ్చాడు. కబేసా దె వాకా ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే స్పెయిన్‌లో చనిపోయాడు.

అతని వర్గం వాళ్లు పరాగ్వేలో ఇంకా మిగిలే ఉన్నారు. వాళ్లను దారికి తెచ్చుకోవడానికి ఇరాలా వాడింది గ్వారనీల పద్ధతే. పదవీచ్యుతుడైన గవర్నర్ బంధువు, అతనితోపాటే వచ్చిన అలోన్సో రికెల్మె దె గుస్మాన్‌కు తన కూతురు ఉర్సులాను ఇచ్చి పెళ్లి చేశాడు. ఉర్సులా తల్లి గ్వారనీ స్త్రీ. వాళ్ల కొడుకు రుయ్ దియాస్ దె గుస్మాన్ ఆ నేలపై పుట్టి, ఆ ప్రాంతపు మొదటి చరిత్రను 1612 నాటికి రాసి ముగించాడు.